దేశాటనమును ఇంటిచదువును

గత సంక్రాంతికి ముందు మా యింటికి దూరపు బంధువులలో నొక కుటుంబమువారు వచ్చి రెండు రాత్రులు నిలిచిరి. దంపతులు, పదునొకండేండ్ల కుమారుడు, ఏడేండ్ల కుమార్తె. గృహస్థు హైదరాబాదులోని యొక సంస్థలో ఉద్యోగి; ఆ యుద్యోగము ఎక్కడ కూర్చుండియైనను కంప్యూటరుపై చేయదగినది. కావున ఏడాదిన్నర క్రిందట వారు అద్దెయిల్లు వదలి, సామానులను బంధువుల యింట దాచి, కారులో దేశసంచారమునకు బయలుదేరిరి. పిల్లలను ఏ బడిలోను వేయలేదు. "దేశమే వీరికి బడి యండీ" యని ఆయన మాతో సగర్వముగా పలికెను. వచ్చిననాడు ఆదివారము. ఆనాడే వారు దిండి చూచిరి. అంతర్వేదిలో వసిష్ఠ గోదావరి సముద్రమున కలియుట చూచిరి. సఖినేటిపల్లి రేవున పంటు నెక్కి నరసాపురమునకు పోయి మరల వచ్చిరి. పిల్లలు చురుకైనవారు, బెదురులేనివారు. మడచెట్ల వేళ్లు నీటిపైకి ఎందుకు పొడుచుకొని వచ్చునో ఆ బాలుడు చెప్పగా విని మేము మిక్కిలి సంతోషించితిమి.

వారు వెడలిన పిమ్మట మా వీధిలో ఇదియే ప్రసంగము. విద్యావంతులైన గృహస్థులు ఇద్దరు ముగ్గురు తామును ఇట్లు చేయుదుమా యని ఆలోచించుచున్నారు. వారి నాక్షేపింప మాకు మనసు రాదు. తెల్లవారినంతనే పిల్లలను ఎక్కించుకొని చీకటిపడిన పిదప దింపు బస్సులను, బట్టీపట్టి వ్రాయు పరీక్షలను, ఏటేట పెరుగు రుసుములను చూచి విసిగినవారికి ఇట్టి మాట అమృతప్రాయముగా తోచుట వింత గాదు. ఆ విసుగు మాకును కలదు. అయినను బడి చెడ్డదని తేలినంతమాత్రమున త్రోవ మంచిదని తేలదుగదా! ఇంటిచదువును పొగడువారు చదువు ఎక్కడ జరుగుచున్నదో చెప్పుదురు: కొండలమీద, కోవెలలలో, ఏటిగట్టున. ఎవరు చెప్పుచున్నారు, ఏ వేళ చెప్పుచున్నారు అను రెండు ప్రశ్నలను మాత్రము అడుగరు. మేము అడుగదలచినవి ఆ రెండే.

మా యింట చూచినది ముందు చెప్పెదము. సోమవారము తొమ్మిది గంటలకు గృహస్థు గదిలోనికి పోయి తలుపు వేసికొనెను. సాయంకాలమువరకు అది ఆయన కార్యాలయము. లోపల సంభాషణలు జరుగుచుండును గనుక పిల్లలు ఇంటిలో బిగ్గరగా చదువరాదు. ఆ యిల్లాలు అయిదు గంటలకే లేచి, మూడు దినముల మాసినబట్టలు ఉతికి, మా వంటకు సాయపడి, పది గంటలకు వీధియరుగుమీద చాప పరచి పిల్లలను కూర్చుండబెట్టెను. కుమారునకు భిన్నములు, కుమార్తెకు గుణింతములు. ఒకరికి చెప్పుచుండగా రెండవవారు లేచిపోవుట. ఆ బిడ్డను పిలుచునంతలో మొదటివాడు సెల్‌ఫోను అందుకొనుట. పదకొండున్నరకు పడవవాడు పిలిచినాడని కబురు వచ్చెను. పుస్తకములు మూసిరి. "నిన్నయు నింతే, అత్తయ్యగారూ, మొన్న దారిలోనే గడిచినది" అని ఆమె మా యింటి పెద్దామెతో అనెను. ఫిర్యాదుగా అనలేదు; పద్దు అప్పగించినట్లు అనెను. ఆమె భర్త మాకు చేసిన వర్ణనములో ఈ పద్దు లేదు.

ఇట్టి మాట యెత్తినంతనే కొందరు పూర్వాచారమును ఎదుట పెట్టుదురు. కోనసీమకు ఇంటిచదువు క్రొత్తదా? వేదపండితుల యిండ్లలో తండ్రి సంత చెప్పగా కొడుకు వల్లించుటయు, శాస్త్రములకై బాలుడు ఊరూరు తిరుగుటయు తాతలనాటి మాటయే కదా యందురు. నిజమే. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' చదివినవారికి గోదావరిసీమలోని పండితుల యిండ్లును, ఆ శిష్యుల రాకపోకలును కన్నులకు కట్టును. 1891లో పొలమూరున పండితవంశమున బుట్టిన యాయన ఇంటివిద్యను నేర్చియే, ఇంటివారు మెచ్చని తెలుగురచనకు తరలెను. కాని ఆ పాతయేర్పాటును కొంచెము పరికించి చూడుడు. అందు తిరిగినవాడు శిష్యుడు, గురువు కదలలేదు. గురువునకు ఇల్లు కలదు, వేళ కలదు. పాఠము లేని అనధ్యయన దినములు సైతము పంచాంగమున నిర్ణీతములు. ఇప్పటివారు చేయుచున్నది దీనికి తలక్రిందులు. గురువును శిష్యుడును కలసి తిరుగుచున్నారు. వేళ మాత్రము ఎక్కడను దిగుట లేదు. మరియొక మాట. ఆ గురువుగారి శిష్యులకు వండి వడ్డించిన యిల్లాలికి తరచుగా అక్షరము రాదు. ఆ యింటి ఆడపిల్లకు సంత లేదు. అంటరానివారని వెలివేయబడినవారి బిడ్డ ఆ వీధిలోనికే రాలేదు. పూర్వాచారమును సాక్ష్యమునకు పిలిచినపుడు ఈ వాఙ్మూలమును కూడ వ్రాసికొనవలెను.

కుటుంబమంతయు తిరుగుచు తన పిల్లలకు తానే చదువు చెప్పుకొన్న నిజమైన దృష్టాంతము కావలెనన్నచో మన దేశపు ఆత్మకథలలో రెండు ముఖ్యముగా కానవచ్చుచున్నవి. ఒకటి పండిత రమాబాయి 1907లో ఆంగ్లమున వ్రాసిన 'సాక్ష్యము'. రెండవది గాంధీమహాత్ముని 'ఆత్మకథ'. ఈ రెండు గ్రంథములును పలువురు చదివినవే. చదువు తీరు మాత్రము మాకు నచ్చలేదు. రమాబాయిని గూర్చి మాటాడువారు ఆమె పాండిత్యమును పొగడి యూరకుందురు. గాంధీగారిని గూర్చి మాటాడువారు ఆయన సిద్ధాంతమును వల్లించి యూరకుందురు. ఆ గ్రంథములలో గడియారము ఎక్కడ నున్నదో వెదకినవారు అరుదు.

రమాబాయి 1858లో పశ్చిమకనుమల అడవిలో గంగామూలయొద్ద పుట్టెను. ఆమె తండ్రి అనంతశాస్త్రి తన భార్య లక్ష్మీబాయికి సంస్కృతము నేర్పినందుకు స్వజనుల యాగ్రహమునకు పాత్రుడై ఆ యడవికి చేరినవాడు. బిడ్డకు ఆరునెలలు నిండునప్పటికి వారి కలిమి కరగెను; కుటుంబము యాత్రలకు బయలుదేరెను. వెదురుపెట్టెలో పెట్టి ఆ పసికందును కొండ దింపిరట. అది మొదలు వారి సంసారము త్రోవలోనే. కోవెలలలోను, రేవులయొద్దను పురాణము చదువుటయు, వినినవారిచ్చినది పుచ్చుకొనుటయు, మరియొక క్షేత్రమునకు నడచుటయు.

ఇప్పుడు మా ప్రశ్న. ఎవరు చెప్పిరి, ఏ వేళ చెప్పిరి? తండ్రి వృద్ధుడగుటచేత ఎనిమిదవయేటినుండి పదునైదవయేటివరకు తనకు చదువు చెప్పినది తల్లియని రమాబాయియే వ్రాసెను. వేళను గూర్చి 1887లో ప్రచురితమైన ఆమె మరియొక గ్రంథమున, హిందూ ఉన్నతకులస్త్రీల స్థితిని దెలుపుదానిలో, ఫిలడెల్ఫియా స్త్రీవైద్యకళాశాలాధ్యక్షురాలు రేచెల్ బాడ్లీ వ్రాసిన పీఠిక తెలుపుచున్నది. తెల్లవారకమునుపే తల్లి నేలపై నిద్రించు బిడ్డను ఎత్తి, ముద్దుమాటలతో లాలించి లేపి, పక్షులు మేల్కొనువేళకు పాఠము మొదలుపెట్టెడిదట. పగలు ఆమెది గాదు. వంట, భర్తృసేవ, నడక. ఆమెకు మిగిలిన ఆ యొక్క గడియను ఆమె కుమార్తె కిచ్చెను. పండ్రెండేండ్లకు పదునెనిమిదివేల శ్లోకములు రమాబాయికి కంఠస్థములని చెప్పుదురు. ఆ సంఖ్యను చూచి అబ్బురపడువారు ఏడేండ్లపాటు తప్పక వచ్చిన ఆ తెల్లవారుజాములను లెక్కింపరు.

ఇంకొక సంగతిని న్యాయముగా చెప్పవలెను. ఆ కాలమున ఏ యూర నిలిచియున్నను ఆ యూరిపెద్దలు ఆడపిల్లకు సంస్కృతము చెప్పనిచ్చియుందురా? త్రోవలో నున్నందుననే ఆ కుటుంబముపై ఏ యూరివారికిని అధికారము లేకపోయెను. సంచారము ఆ బిడ్డకు చదువు చెప్పలేదు; చదువునకు అడ్డువచ్చువారినుండి తప్పించెను. ఈ భేదమును మన మిత్రులు గమనింతురుగాక.

అయితే అదే సాక్ష్యములో చేదుపుట యొకటి కలదు. తలిదండ్రులు తమను బాహ్యలోకముతో కలియనీయలేదనియు, సంస్కృతముతప్ప అన్యభాషగాని లౌకికవిద్యగాని నేర్పింపలేదనియు రమాబాయి నిష్ఠురముగా వ్రాసెను. దక్షిణదేశమున కరవు వచ్చెను. ఉన్న ధనము దానధర్మములకును దేవతారాధనకును వ్యయమయ్యెను. కూలిపని చేయుటకు అభిమానము, చేయుదమన్నను చేతగాదు. తిరుపతి ప్రాంతమున అడవిలో ఆకులు నమిలి దినములు గడపిరి. 1874లో తండ్రియు తల్లియు కొలదివారముల వ్యవధిలో గతించిరి. పిదప అక్కయు పోయెను. మిగిలిన అన్నయు చెల్లెలును వేలకొలది మైళ్లు కాలినడకన తిరిగి 1878లో కలకత్తా చేరిరి. అచటి పండితులు ఆమెను పరీక్షించి పండిత యనియు సరస్వతి యనియు బిరుదము లిచ్చిరి. కథ నిచ్చట ఆపి చప్పట్లు కొట్టుట మనవారి యలవాటు. మేము ఇంక నొక యడుగు పోయెదము. త్రోవలో చదివిన ఈ బిడ్డ పెద్దదై 1889లో బొంబాయిలో శారదాసదనమును స్థాపించెను. అది గోడలు గల బడి, గంట కొట్టు బడి. తన కుమార్తె మనోరమను గూడ ఆమె బడులలోనే చదివించెను. తన బాల్యమును గూర్చి రమాబాయి చేసిన విమర్శలన్నిటిలో ఇదియే మిక్కిలి స్పష్టమైనదని మా యభిప్రాయము.

ఇక గాంధీగారి గ్రంథము. 1897 జనవరిలో ఆయన భార్యాపుత్రులతో డర్బనులో దిగెను. కూడ వచ్చిన బాలురు ముగ్గురు: పదేండ్ల మేనల్లుడు, తొమ్మిదేండ్ల కుమారుడు, అయిదేండ్ల కుమారుడు. తెల్లవారి బడులలో తన పిల్లలకు దయాధర్మముగా చోటు దొరకవచ్చునుగాని, ఇతర భారతీయుల పిల్లలకు లేని మన్నన తన పిల్లలకు వలదని ఆయన తలచెను. మిషనరీబడులు రుచింపలేదు. నెలకు ఏడు పౌనుల జీతముపై ఒక ఆంగ్లయువతిని కుదిర్చెను, అదియు చాలలేదు. తాను మాతృభాషలోనే పిల్లలతో మాటాడుచు, వీలైనపుడు చదువు చెప్పుచు వచ్చెను. ఆ 'వీలైనపుడు' అను మాటయందే యున్నది చిక్కంతయు. డర్బను, రాజకోట, బొంబాయి, జోహాన్స్‌బర్గు, ఫీనిక్సు, 1910 పిమ్మట టాల్‌స్టాయి క్షేత్రము. ఊరు మారినపుడెల్ల వేళ మారెను. జోహాన్స్‌బర్గులో ఇంటినుండి కార్యాలయమునకు పోయి మరల వచ్చుటకు మొత్తము సుమారు అయిదు మైళ్లు. పిల్లలను వెంటబెట్టుకొని నడచుచు దారిలో మాటలతోనే పాఠము చెప్పెడివాడు, మరియెవరును వచ్చి మాట కలుపనిచో. కలుపువారికి లోటా!

ఈ యధ్యాయములను సిద్ధాంతమునకై చదువువారు అందలి ఒప్పుకోలును దాటిపోవుచున్నారు. దినమున కొక్క గంట తప్పక వారి యక్షరవిద్యకు ఇయ్యగలిగియున్నచో అది ఆదర్శవిద్య యయ్యెడిదనియు, ఆ గంట నియ్యలేకపోయితిననియు, అది తనకును పిల్లలకును మిగిలిన కొరతయనియు ఆయన దాచక చెప్పెను. జ్యేష్ఠుడు హరిలాలు ఈ కొరతను తండ్రియెదుటను, పత్రికలలోను గూడ వెల్లడించెను; 1911లో చదువునకై తండ్రిని విడిచి స్వదేశమునకు వచ్చెను. బడికి పంపనందుకు పశ్చాత్తాపము లేదనియు, పిల్లలు నేర్చిన స్వాతంత్ర్యమును సేవాభావమును ఏ బడియు ఇచ్చియుండదనియు గాంధీగారు వాదించుట నిజమే. ఆ వాదమును మేము తోసివేయము. కాని వాదించినవాడు తండ్రి, కోల్పోయినవాడు కొడుకు. కస్తూరిబా యభిప్రాయ మేమో ఆ యధ్యాయమున మనకు తెలియదు.

ఈ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. పురాణము చదివి పొట్టపోసికొన్న ఆ పేదయిల్లాలు ఇచ్చిన గంటను, లోకోత్తరుడైన న్యాయవాది ఇయ్యలేకపోయెను. ఆమెకు ఆయనకంటె తీరిక యెక్కువయని యెవరును అనలేరు. ఆయన గంటకు హక్కుదారులు పలువురు. వారందరు వచ్చి పోయిన పిమ్మట పిల్లల వంతు. లక్ష్మీబాయి యట్లు గాక బిడ్డ వంతును ముందు తీసి, మిగిలినది లోకమున కిచ్చెను.

ఆంధ్రదేశమున మరియొక దృష్టాంతము కలదు. 1885లో కడపమండలమున సురభి గ్రామమందు కీచకవధను ఆడి మొదలిడిన వనారస గోవిందరావుగారి నాటకసమాజము, కుటుంబములు పెరిగినకొలది శాఖోపశాఖలై, తాతలు మనుమలు కలసి ఊరూరు తిరిగినది. ఇతర సమాజములలో మగవారే స్త్రీవేషములు వేయు దినములలో సురభిలో స్త్రీలే వేసిరి. అచట పుట్టిన బిడ్డకు రంగస్థలమే ఉయ్యాల. పద్యము, రాగము, తెరల పని, దీపముల పని వారికి వచ్చినట్లు ఏ కళాశాలలో చదివినవారికిని రాలేదు. ఏలన, నేర్పువారు పలువురు. తిరిగినది ఒక్క కుటుంబము గాదు, ఒక యూరే. ఆ పల్లెకు రాత్రి ఆట యను వేళయు కలదు. అయినను ఆ విద్య ఆ వృత్తికే సరిపోయెను. సినిమా వచ్చి ప్రేక్షకులు తగ్గినపుడు, సాగలేని శాఖలలోని పిల్లలకు చేతిలో మరియొక విద్య తగినంత లేకపోయెను. కారులో తిరుగు కుటుంబమునకు సురభివారి గుణము లేదు; లోపము మాత్రము కలదు.

ఇప్పుడు మన కోనసీమనే యొక్కసారి చూడుడు. కోతలైన చేలలో బాతులమందలను మేపుకొనుచు ఊరూరు మారు కుటుంబములను కొత్తపేట, రాజోలు ప్రాంతములలో చూడనివారెవరు? ఇటుకబట్టీలకు పిల్లాజెల్లలతో వచ్చువారు కలరు. వీరును కుటుంబసమేతముగ తిరుగువారే. వీరి పిల్లలును బడిలేనివారే. ఒకనాటి సాయంకాలము పదేండ్ల బాలుడొకడు కట్టెతో బాతులను వలకంచెలోనికి తోలుచు, నాలుగేసి చొప్పున లెక్కించి, తప్పినవి మూడని కేకవేయుట మేము చూచితిమి. వాని లెక్క సరిపోయినది. కారులో తిరుగు బాలుని మనము స్వేచ్ఛావిద్యార్థి యని పిలుచుచున్నాము. ఈ బాలుడు మన రిజిస్టరులలో బడిమానినవాడు. వీని తండ్రిని నిర్లక్ష్యముచేసినాడని మందలింతుము. వాని తండ్రిని సాహసి యని పొగడుదుము. ఇక కువైటువంటి దేశములలో ఇంటిపనికి పోయిన తల్లులు, అమ్మమ్మలయొద్ద పెరుగు వారి బిడ్డలు మన గ్రామములలో ఎందరో! వారి కండ్లకు, తల్లి ప్రక్కన కూర్చుండి పాఠము వినుచు తిరుగుట యేదో దేవతల భోగమువలె తోచవచ్చును.

శాసనము ఏమి చెప్పుచున్నది? 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కుచట్టము, ఆరునుండి పదునాలుగేండ్ల పిల్లలను చేరువబడిలో చేర్చుట తలిదండ్రుల విధి యని చెప్పినది. చేర్పనివారికి శిక్ష మాత్రము విధింపలేదు. 2012 సవరణలో వేదపాఠశాలలకును మదరసాలకును ఈ చట్టము వర్తింపదని వ్రాసిరి. ఇంటిచదువను మాట చట్టమున లేదు. మరి బాతులకాపరి బిడ్డకు? ఒక బడినుండి మరియొక బడికి, రాష్ట్రము మారినను, చేరుటకు హక్కు కలదు; పత్రములు ఆలస్యమైనవని చేర్చుకొనకుండరాదు; వలసవచ్చినవారి పిల్లలను చేర్చుకొనుట స్థానికసంస్థల విధి యని ఆ చట్టమే చెప్పుచున్నది. ఇవి మంచి మాటలు. మందను వదలి రెండునెలలకై ఆ బడిగుమ్మ మెక్కు తండ్రికి వాటిని చదివి చెప్పువారు కావలెను. ఆ పని చేయుటకు మన వీధులలో చదువుకొన్నవారు లేకపోలేదు.

ఇంటిచదువు చదివినవారికి 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థయు, మన రాష్ట్రపు సార్వత్రిక విద్యాపీఠమును పరీక్షాద్వారములు. పదునాలుగేండ్లు నిండిన పిదప అట పదవతరగతి పరీక్షకు కూర్చుండవచ్చును. మా యతిథి నీ విషయ మడుగగా "ఇంకను మూడేండ్లున్నవి కదా, చూచెదము" అనెను. తల్లి మాత్రము కాగితము తెచ్చి పేరు వ్రాసికొనెను.

చూచుటయే చదువని వాదించువారితో మాకొక తగవు కలదు. చూచుట చదువునకు మొదలు, చదువు గాదు. ధవళేశ్వరమునకు పిల్లలను తీసికొనిపోయి ఫొటో తీసినచో వారికి తెలిసినది నీరు విస్తారమని మాత్రమే. 1847లో కాటన్ దొర మొదలిడి 1852 నాటికి ముగించిన ఆనకట్టకు ముందు ఈ సీమ కరవులకును వరదలకును ఎట్లు లోనయ్యెను, నది సముద్రమును చేరుచుండగా కాలువ చేనికి ఎట్లెక్కును, గన్నవరమున కాలువనీటిని వైనతేయపాయపైనుండి ఎట్లు దాటించిరి అని అడిగి, అక్విడక్టు తోరణములను లెక్కింపజేసి, బొమ్మ వ్రాయించి, మరునాడు పుస్తకము తెరిచి చదివించినచో అది పాఠము. దీనికి ఒక దినము గాదు, మూడు దినములు ఒక్క చోట నిలువవలెను. నిలుచుటకు ఇష్టపడని సంచారము చదువునకు పనికిరాదు. ఆస్ట్రేలియాలో వందలమైళ్ల దూరపు పశుక్షేత్రములలోని పిల్లలకై 1951లో ఆలిస్ స్ప్రింగ్సు పట్టణమున రేడియోబడి పెట్టిరి. ఉపాధ్యాయుడు అంత దూరమున నున్నను ఆయన గొంతు చెప్పిన వేళకు వచ్చెడిది. ఇంట తల్లియో మరియొకరో ప్రక్కన కూర్చుండెడివారు. దూరము చదువును చెఱుపలేదు.

భాష సంగతి మఱువరాదు. మా యతిథుల బాలుని చేతికి ఒక కార్డిచ్చి తాతమ్మకు తెలుగున రెండు మాటలు వ్రాయుమంటిమి. వాడు చక్కని తెలుగు మాటాడును. వ్రాసినది మాత్రము ఇంగ్లీషక్షరములతో. నెలకొక రాష్ట్రము, నెలకొక లిపి. ఇంటిలో తెలుగునకు వేళ లేదు. గాంధీగారు తక్కినవాటిలో తప్పినను మాతృభాషయందు తప్పలేదు; ఆ యొక్క పట్టుదలనైనను అనుకరింపదగును.

తోడిపిల్లలమాట యొకటి. మా ప్రక్కయింటి బాలిక సాయంకాలము బడినుండి రాగా ఆ యేడేండ్ల పిల్ల దానిని గుచ్చిగుచ్చి అడిగినది పాఠములను గూర్చి గాదు. గంట కొట్టగానే అందరును ఒక్కసారే బయటికి పరుగెత్తుదురా, అప్పుడు ఎవరైన పడుదురా, పడినవారిని ఎవరు లేపుదురు అని. మేము విని నవ్వితిమి. తల్లి నవ్వలేదు.

ఆ గృహస్థునితో మేము వెడలునప్పు డొక మాట చెప్పితిమి. ఇంత తిరుగుట మానుమని గాదు. దినమునకు ఒక గంట ఆ తలుపు తెరచి తాను బయటికి వచ్చి చాపమీద కూర్చుండవలెననియు, ఆ గంట ఆయన యజమాని పనివలెనే తప్పరానిదై యుండవలెననియు, ఊరికి పదిదినములకు తక్కువ నిలువరాదనియు. ఆయన మర్యాదస్థుడు, తల యూచెను. అప్పటికి కారు సిద్ధమై యుండెను. ఆ యిల్లాలు బట్టలమూటలు సర్దుచు, పది గంటల పాఠము ఈనాడు ఎచ్చట చెప్పవలెనా యని కాబోలు, దారిలోని యూళ్ల పేర్లు మమ్ము అడిగెను. రావులపాలెమువరకు చెప్పితిమి.

మధ్యాహ్నము అరుగు ఊడ్చుచుండగా చాపక్రింద ఆ బాలిక తెలుగువాచకము దొరికినది. గుణింతములపుటలో పెన్సిలు పెట్టియే యున్నది. ఫోను చేసి ఎక్కడికి పంపవలెనని యడిగితిమి. నాలుగు దినములు ఎక్కడ నిలుతుమో తెలిసినపిమ్మట చెప్పెదమనిరి. పుస్తకము ఇంకను మా బల్లమీదనే యున్నది.